మూలన పడ్డ జనరేటర్ ఎందుకు మొరాయిస్తుంది?

వాడిన మోటార్‌హోమ్ (పడక, వంటగది ఉండే ప్రయాణపు బండి) అమ్మేవారు జనరేటర్ ప్రస్తావన రాగానే ఒక మాట గొప్పగా చెబుతుంటారు: "దీన్ని పెద్దగా వాడిందే లేదు, కావాలంటే మీటర్ చూసుకోండి." బండికి 10 ఏళ్లు, జనరేటర్ ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్‌లో మాత్రం 60 గంటలు. కొనేవారికి కూడా అది కలిసొచ్చినట్టే అనిపిస్తుంది. కారు ఎంత తక్కువ తిరిగితే అంత మంచిదన్న లెక్కే ఇక్కడా వేసుకుంటారు. జనరేటర్ దగ్గర ఆ లెక్క చెల్లదు. 10 ఏళ్లలో 60 గంటలంటే ఏడాదికి 6 గంటలు. మిగతా కాలమంతా పెట్రోల్, దాన్ని గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్‌లో నిలవుండి చిక్కబడింది, సిలిండర్ గోడల మీది ఆయిల్ పొర కిందికి జారిపోయింది, కరెంటు పుట్టించే రాగి తీగ చుట్టలు, అంటే వైండింగులు, చెమ్మ పీల్చుకున్నాయి. అదే వయసులో 600 గంటలు తిరిగి, వేళకు ఆయిల్ మార్పించుకున్న యంత్రం దొరికితే దాన్ని ఎంచుకోవడమే తెలివైన పని.

మోటార్‌హోమ్‌లలో ఎక్కువగా కనిపించే కమిన్స్ ఓనన్ జనరేటర్ల మాన్యువళ్లు ఈ విషయంలో స్పష్టంగా ఉంటాయి. నెలకోసారి, కనీసం 2 గంటలు, సామర్థ్యంలో దాదాపు సగం లోడ్ (అది కరెంటు ఇస్తున్న ఏసీ, హీటర్ లాంటి వాటి బరువు) మీద నడపాలి. పది నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు నడపడం కంటే ఏకధాటిగా ఒకేసారి రెండు గంటలు నడపడం మేలు. ఇందులో మూడు షరతులున్నాయి: నెల, రెండు గంటలు, సగం లోడ్. చాలామందికి గుర్తుండేది మొదటిదొక్కటే. నెలకోసారి బటన్ నొక్కుతారు, ఇంజిన్ అందుకోగానే ఐదు నిమిషాలు శబ్దం విని ఆపేస్తారు. పని అయిపోయిందనుకుంటారు. నిజానికి ఆ ఐదు నిమిషాల వల్ల యంత్రానికి కొంత మేలు, కొంత కీడు రెండూ జరుగుతాయి. ఎందుకో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ముందు నీళ్ల సంగతి. పెట్రోల్‌లో ఉన్న హైడ్రోజన్ మండితే నీరవుతుంది. ఒక లీటరు పెట్రోల్ పూర్తిగా మండితే ఆవిరి రూపంలో పుట్టే నీరు కూడా ఇంచుమించు ఒక లీటరు. ఇంజిన్ వేడిగా ఉంటే అదంతా సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. చల్లటి ఇంజిన్‌లో కొంత ఆవిరి పిస్టన్ రింగుల పక్కనుంచి జారి కింద ఆయిల్ ఉండే చోటికి చేరి, చల్లటి లోహానికి తగిలి నీటి బొట్లుగా మారుతుంది. ఆయిల్ బాగా వేడెక్కి, ఆ వేడి మీద కొంతసేపు ఉంటేనే ఆ నీరు మళ్లీ ఆవిరై, ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే బ్రీదర్ గుండా బయటపడుతుంది. ఐదు నిమిషాల్లో ఆయిల్ అంత వేడెక్కదు. అంటే అలా ఆపేసిన ప్రతిసారీ లోపల కొంత నీరు మిగిలిపోతుంది. అది ఆయిల్‌తో, మండగా మిగిలిన పదార్థాలతో కలిసి ఆమ్లంగా మారి బేరింగులను, కామ్‌షాఫ్ట్‌ను నెమ్మదిగా తినేస్తుంది. ఆయిల్ పోసే మూత విప్పితే లోపలి వైపు లేత గోధుమరంగు జిడ్డు నురుగు అంటుకుని కనిపిస్తుంది. ఇంజిన్ తరచూ స్టార్ట్ అవుతోందనీ, ఎప్పుడూ సరిగ్గా వేడెక్కడం లేదనీ ఆ నురుగును బట్టి చెప్పవచ్చు.

కార్బురేటర్ కథ వేరు. పెట్రోల్ ఒకే పదార్థం కాదు, తేలికవీ బరువువీ కలిసిన మిశ్రమం. కార్బురేటర్ గిన్నెలో నిలవున్న కొద్దిపాటి పెట్రోల్‌లోంచి తేలిక భాగాలు ముందు ఎగిరిపోతాయి. మిగిలినది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారి, చివరికి ఎండిన లక్కలా గట్టిపడుతుంది. పెట్రోల్ బయటికి వచ్చే జెట్‌ల రంధ్రాలు మిల్లీమీటరు కంటే సన్నవి కాబట్టి వాటిని మూసేయడానికి పలుచటి పొర చాలు. ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో ఇంకో బెడద ఉంది. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. తేమ మోతాదు మించితే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. అల్యూమినియం, ఇత్తడి భాగాల మీద తెల్లటి, పచ్చటి పొక్కులు లేచేది అందుకే. గిన్నె బయటి గాలికి తెరిచే ఉంటుంది కాబట్టి ట్యాంకులో ఉన్న పెట్రోల్ కంటే ఇక్కడిది చాలా ముందే చెడుతుంది. నెలకోసారి అన్న గడువు పెట్టడానికి ముఖ్య కారణం ఇదే.

జెట్ సగం మూసుకుపోయిన జనరేటర్‌ను చెవితోనే పట్టుకోవచ్చు. వేగం ఒక్క చోట నిలవదు. ఇంజిన్ గుర్రుమని పైకి లేస్తుంది, తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. పెట్రోల్ చాలక వేగం పడిపోతుంటే వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్, మిశ్రమం లోపలికి వెళ్లే థ్రాటిల్‌ను తెరుస్తుంది, వేగం మించగానే మూస్తుంది. ఆ లాగులాటే వినిపించేది. మెకానిక్‌లు దీన్ని హంటింగ్ అంటారు. గాలి దారిని తగ్గించే చోక్‌ను చేత్తో కాస్త మూసినప్పుడు ఇంజిన్ కుదుటపడితే మిశ్రమంలో పెట్రోల్ తక్కువవుతోందని, అంటే దారి ఎక్కడో మూసుకుపోయిందని దాదాపు ఖాయం. ఈ దశలోనే గుర్తిస్తే, మంచి పెట్రోల్‌లో కార్బురేటర్ క్లీనర్ కలిపి లోడ్ మీద గంటా రెండు గంటలు నడిపినప్పుడు కొన్నిసార్లు దానంతటదే తేరుకుంటుంది. ముదిరాక మాత్రం విప్పి శుభ్రం చేయడమో, మార్చేయడమో తప్పదు.

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. కార్బురేటర్ గిన్నె చిన్నది. ఐదు నిమిషాలు నడిపినా పాత పెట్రోల్ పోయి ట్యాంకులోంచి కొత్తది వస్తుంది. "నేనెప్పుడూ ఐదు నిమిషాలే నడుపుతాను, కార్బురేటర్‌కి ఏ జబ్బూ రాలేదు" అనేవారి అనుభవం అబద్ధం కాదు. వాళ్లు కాపాడుకున్నది కార్బురేటర్‌ను మాత్రమే. ఆయిల్, వైండింగులు, బ్రష్‌లు, సైలెన్సర్ వీటికి కావలసిన వేడి ఆ ఐదు నిమిషాల్లో పుట్టదు. ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో వచ్చే కొత్త మోడళ్లలో గాలికి తెరిచి ఉండే గిన్నే ఉండదు, కాబట్టి జిగురు బెడద బాగా తగ్గింది. దాంతో ఇక నెలనెలా నడపక్కర్లేదన్న ధీమా కూడా మొదలైంది. అది తొందరపాటు. జనరేటర్‌లో ఇంజిన్ సగమే, మిగతా సగం కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్.

ఆ రెండో సగానికి చెమ్మ పెద్ద శత్రువు. రాగి తీగ చుట్టల మీద వార్నిష్ పూత ఉంటుంది. పగలు వేడి, రాత్రి చలి మారుతూ ఉంటే చల్లబడిన లోహం మీద తేమ పడుతుంది, దుమ్ముతో కలిసి అక్కడే అంటుకుంటుంది. ఇన్సులేషన్ నిరోధం తగ్గుతూ పోతుంది. లోడ్ మీద నడిచినప్పుడు తీగల్లో పారే కరెంటు వల్లే వైండింగులు లోపలినుంచి వేడెక్కి ఆరతాయి. లోడ్ లేకుండా తిప్పితే ఆ వేడి చాలా తక్కువ.

బ్రష్‌లున్న మోడళ్లలో ఇంకో బలహీనత ఉంది. తిరిగే రోటర్‌కు కరెంటు అందించే స్లిప్ రింగుల మీద కార్బన్ బ్రష్‌లు ఆనుకుని ఉంటాయి. యంత్రం కదలకుండా పడి ఉంటే రింగుల మీద ఆక్సైడ్ పొర పడుతుంది, బ్రష్‌కూ రింగుకూ మధ్య స్పర్శ చెడుతుంది. ఇంజిన్ చక్కగా తిరుగుతుంటుంది, కరెంటు మాత్రం రాదు. క్రమం తప్పకుండా తిరిగే యంత్రంలో బ్రష్ రాపిడే రింగును శుభ్రంగా ఉంచుతుంది. రోటర్ ఇనుములో మిగిలుండే కొద్దిపాటి అయస్కాంతత్వం కూడా ఏళ్ల తరబడి నడవకపోతే సన్నగిల్లుతుందనే భయం ఒకటుంది. ఆ మిగులు మీదే ఆధారపడి కరెంటు పుట్టించడం మొదలుపెట్టే పాత, చిన్న యంత్రాలకు ఆ భయం నిజమైనదే. మోటార్‌హోమ్‌లో బిగించి వచ్చే చాలా జనరేటర్లు స్టార్ట్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచే రోటర్‌కు ఒక విడత కరెంటు పంపుతాయి కాబట్టి వాటి విషయంలో ఇది అంత పెద్ద సమస్య కాదు.

ఇక లోడ్. సగం లోడ్ అంటే ఎంత అన్న దగ్గరే ఎక్కువమంది తికమకపడతారు. యంత్రం మీది ప్లేటులో 4000 వాట్లని ఉంటే కావలసింది 2000 వాట్ల దరిదాపు, 5500 అయితే 2700 పైచిలుకు. మోటార్‌హోమ్ పైకప్పు మీది ఏసీ ఒకటి నడిచేటప్పుడు మామూలుగా 1200 నుంచి 1800 వాట్లు లాగుతుంది. చలికాలంలో ఏసీ వేయడం కుదరదు కాబట్టి 1500 వాట్ల ఎలక్ట్రిక్ హీటర్ అన్నిటికన్నా నమ్మకమైన లోడ్: ఎంత లాగుతుందో ముందే తెలుసు, రెండు గంటలూ అంతే లాగుతుంది. అయితే గది వేడెక్కగానే థర్మోస్టాట్ వల్ల అది మధ్యలో ఆగిపోకుండా చూసుకోవాలి. నీళ్లు కాచే హీటర్‌కు ఎలక్ట్రిక్ కాయిల్ ఉంటే అదీ పనికొస్తుంది, కానీ ట్యాంకులో నీళ్లున్నాయని రూఢి చేసుకున్నాకే స్విచ్ వేయాలి. చలికి గడ్డకట్టకుండా నీళ్లు తీసేసి పెట్టిన బండిలో ఆ స్విచ్ వేస్తే కాయిల్ నిమిషాల్లో మాడిపోతుంది. బ్యాటరీ చార్జర్‌ను నమ్ముకోవడం మాత్రం పొరపాటు. బ్యాటరీలు ఖాళీగా ఉన్నప్పుడు మొదట్లో అది బాగానే లాగుతుంది, అవి నిండుతున్నకొద్దీ లోడ్ కరిగిపోయి చివరి గంట యంత్రం దాదాపు ఖాళీగా తిరుగుతుంది.

పెద్ద జనరేటర్ల నుంచి రెండు లైన్లు, రెండు బ్రేకర్లు వస్తాయి. ఒక లైను మీదే మొత్తం బరువు వేసి రెండోదాన్ని ఖాళీగా వదిలేయకుండా ముందు ఏసీ ఒకదాని మీద, వెనక ఏసీ ఇంకోదాని మీద పడేలా పంచడం మంచిది. ప్లగ్‌లో పెట్టి చూసే చిన్న మీటరు ఒకటి ఉంటే వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ (ఇంజిన్ వేగాన్ని బట్టి మారే హెర్ట్జ్ అంకె) కూడా అప్పుడే తెలిసిపోతాయి. 60 హెర్ట్జ్ యంత్రమైతే లోడ్ లేనప్పుడు 62 దాకా ఉండి, లోడ్ పడ్డాక 60 దగ్గరకు దిగడం మెకానికల్ గవర్నర్‌కు మామూలే. ప్రతి నెలా ఈ అంకెలు ఒక పుస్తకంలో రాసిపెట్టుకుంటే చాలా ఉపయోగం. 58కి జారిన నెలను పట్టుకోవాలంటే కిందటి నెల ఎంత ఉందో తెలిసి ఉండాలి.

డీజిల్ జనరేటర్ల యజమానులకు పెట్రోల్ జిగురు భయం లేదు. వాళ్ల సమస్య తక్కువ లోడ్. డీజిల్ ఇంజిన్‌ను గంటల తరబడి ఖాళీగా తిప్పితే సిలిండర్‌లో చాలినంత వేడి పుట్టక ఇంధనం పూర్తిగా మండదు. మండని డీజిల్, మసి కలిసి ఇంజెక్టర్ల కొనల మీద, ఎగ్జాస్ట్‌లో పేరుకుంటాయి. సైలెన్సర్ గొట్టం చివర నల్లటి జిడ్డు కారుతుంటే అదే గుర్తు. వెట్ స్టాకింగ్ అనే ఈ జబ్బు ఆసుపత్రుల స్టాండ్‌బై జనరేటర్లకూ వస్తుంది. అమెరికాలో అలాంటి అత్యవసర జనరేటర్లకు వర్తించే ఎన్‌ఎఫ్‌పీఏ 110 ప్రమాణం, వాటిని నెలకోసారి 30 నిమిషాలు, కనీసం 30 శాతం లోడ్‌తోనో, లేదా తయారీదారు చెప్పిన కనీస ఎగ్జాస్ట్ వేడి అందుకునేలాగో నడపమంటుంది. ప్రాణాలు ఆధారపడే చోట కూడా కొలబద్దగా పెట్టుకున్నది లోడ్‌నూ వేడినీ అన్నది గమనించాల్సిన విషయం. ఎల్పీజీతో నడిచే జనరేటర్లలో జిగురూ ఉండదు, మసీ తక్కువే. బ్రష్‌లు, సీళ్లు, వైండింగుల కోసం వాటినీ నడపాల్సిందే.

నడిపే రోజున చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. బండి చదునైన నేల మీద ఉండాలి, వాలు మీద ఉంటే ఆయిల్ ఒక పక్కకు చేరి పంపుకు అందదు. ఆయిల్ మట్టం చూడాలి. గాలి లోపలికి వెళ్లే జాలీ దగ్గర, ఎగ్జాస్ట్ గొట్టం చివర ఎలుకల గూళ్లు, కందిరీగల మట్టిగూళ్లు లేవని టార్చి వేసి చూడాలి. నెల రోజులు కదలని యంత్రం వాటికి మంచి నివాసం. గాలితో చల్లబడే ఇంజిన్‌కు ఆ దారి మూసుకుపోతే లోడ్ మీద వేడెక్కిపోతుంది. ట్యాంకులో పెట్రోల్ కూడా చూసుకోవాలి. జనరేటర్‌కు వెళ్లే గొట్టం చాలా బండ్లలో ట్యాంకు పావు వంతు ఎత్తులోనే ఆగుతుంది, రాత్రంతా జనరేటర్ నడిచినా బండి కదిలేందుకు ఇంధనం మిగలాలని అలా పెడతారు. పావు కంటే తక్కువున్నప్పుడు స్టార్ట్ కాకపోతే యంత్రాన్ని అనుమానించక్కర్లేదు.

లోడ్ లేకుండా స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఆగాలి. తర్వాత ఒక్కొక్కటిగా వేయాలి: ముందు ఒక ఏసీనో హీటరో, ఇంజిన్ శబ్దం కుదుటపడ్డాక రెండోది. కంప్రెసర్ అందుకునే క్షణంలో ఇంజిన్ కాస్త కుంగి వెంటనే నిలదొక్కుకోవాలి. కుంగి, తేరుకోవడానికి తడబడితే గవర్నర్‌నో కార్బురేటర్‌నో చూపించాల్సిన సమయం వచ్చినట్టు. ఎత్తైన కొండ ప్రాంతాల్లో గాలి పలుచన కాబట్టి ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ శక్తిలో దాదాపు 3 శాతం పోతుంది, అక్కడి తడబాటును వేరుగా అర్థం చేసుకోవాలి. రెండు గంటలయ్యాక లోడ్ అంతా తీసేసి, మళ్లీ రెండు మూడు నిమిషాలు ఖాళీగా తిప్పి ఆపాలి. లోడ్ మీద ఉండగానే ఆపేస్తే లోపల పేరుకున్న వేడిని తీసుకెళ్లే ఫ్యాన్ గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. పైగా ఇంజిన్ వేగం పడిపోయే ఆ కొద్ది క్షణాల్లో తగ్గిన వోల్టేజీ ఏసీ కంప్రెసర్‌కు మంచిది కాదు.

ఈ మొత్తం వ్యవహారంలో ప్రాణం మీదికొచ్చేది ఒక్కటుంది. జనరేటర్ పొగలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. షెడ్‌లోనో, తలుపు తెరిచి ఉంచిన గ్యారేజీలోనో కూడా నడపకూడదు. బండిని పూర్తిగా ఆరుబయటికి తీయాలి. ఎగ్జాస్ట్ గొట్టం కీళ్ల దగ్గర నల్లటి మసి మరకలుంటే అక్కడ పొగ కారుతున్నట్టే, అది బాగుచేసేదాకా స్టార్ట్ చేయకూడదు. బండి లోపలి కార్బన్ మోనాక్సైడ్ అలారానికి ఆయుష్షు ఉంటుంది, వెనక రాసి ఉన్న గడువు దాటితే మీట నొక్కినప్పుడు మోగినా లోపలి సెన్సర్ పనిచేస్తుందన్న హామీ లేదు. బ్యాటరీ తగ్గితే తనంతట తానే జనరేటర్‌ను స్టార్ట్ చేసే ఆటోమేటిక్ కంట్రోలర్లు ఇంకా జాగ్రత్తగా చూడాల్సినవి. బండిని మూసిన చోట పెట్టేముందు ఆ కంట్రోలర్‌ను ఆఫ్ చేయడం ఎవరి జ్ఞాపకానికీ వదలకూడదు, తాళంచెవి పక్కనే చీటీ అంటించి పెట్టాలి.

సోలార్ ప్యానెళ్లు, లిథియం బ్యాటరీలు వచ్చాక ఈ నెలవారీ పని అవసరం పెరిగిందే కానీ తగ్గలేదు. ఇదివరకు ప్రయాణంలో రోజూ కాసేపు జనరేటర్ వేయక తప్పేది కాదు, దానికి కావలసిన నడక దానంతటదే దొరికేది. ఇప్పుడు పైకప్పు మీది ప్యానెళ్లే రోజులు గడిపేస్తున్నాయి. మబ్బు పట్టి, బ్యాటరీలు అడుగంటిన మూడో రోజున గుర్తొచ్చే యంత్రం అప్పటికి ఆరు నెలలుగా కదలకుండా ఉంటుంది. ప్రయాణాలు చేసేవారికి తేలికైన మార్గమూ ఉంది. ఎండాకాలం దారిలో పైకప్పు ఏసీ వేసుకుని రెండు గంటలు జనరేటర్ మీద వెళ్తే ఆ నెల లెక్క తీరినట్టే, విడిగా పెట్రోల్ కాల్చనక్కర్లేదు.

గంటలు తక్కువున్నాయని ఆయిల్ మార్పును వాయిదా వేయడం ఇదే కోవలోని ఇంకో పొరపాటు. చాలా పెట్రోల్ జనరేటర్లకు ఆయిల్ మార్పు 100 నుంచి 150 గంటలకు, లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. నెలకు రెండు గంటలు నడిస్తే ఏడాదికి 24 గంటలే కాబట్టి ఇక్కడ దాదాపు ఎప్పుడూ ముందొచ్చేది ఏడాదే. కొత్త యంత్రానికి మొదటి మార్పు ఇంకా తొందరగా ఉంటుంది, చాలా మోడళ్లలో 20 గంటలకే.

నెలనెలా నడపడం ఎలాగూ కుదరదని ముందే తెలిస్తే, ఓనన్ మాన్యువళ్లు 120 రోజులకు మించిన విరామానికి వేరే పద్ధతి చెబుతాయి. తాజా పెట్రోల్‌లో, అది త్వరగా చెడకుండా ఆపే స్టెబిలైజర్ కలిపి, అది కార్బురేటర్ దాకా చేరేలా కొంతసేపు నడపాలి. ట్యాంకులో పోసి ఊరుకుంటే గిన్నెలోకి రాదు, చాలామంది తప్పేది ఇక్కడే. ఇంజిన్ వేడిగా ఉండగానే ఆయిల్ మార్చాలి, పాత ఆయిల్‌లోని ఆమ్లం నెలల తరబడి బేరింగుల మీద కూర్చోకుండా. సిలిండర్లలోకి, తుప్పు పట్టకుండా పొరలా అంటుకునే ఫాగింగ్ ఆయిల్ చిమ్మి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. మళ్లీ తీసిన రోజున ఆ ఫాగింగ్ ఆయిల్ మండి మొదటి కొన్ని నిమిషాలు తెల్లటి పొగ వస్తుంది, ఇంజిన్ కాస్త తడబడుతుంది. దానికి కంగారుపడి ఆపేయకుండా, పొగ తగ్గాక సగం లోడ్ వేసి రెండు గంటలు నడపాలి.